నార్తంబర్లాండ్ తీరం: చిన్న విహారయాత్రకు ప్రణాళిక

నార్తంబర్లాండ్ తీరం ఇంగ్లండ్ ఈశాన్య కొసన, ఉత్తర సముద్రం ఒడ్డున, స్కాట్లండ్ సరిహద్దుకు చేరువలో ఉంది. బెరిక్ నుంచి కోకెట్ నది సముద్రంలో కలిసే చోటు దాకా సుమారు 64 కిలోమీటర్ల మేర ఉన్న ఈ తీరాన్ని 1958లో విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతంగా ప్రకటించారు. పెద్ద నగరాలు, ఎత్తయిన హోటళ్లు ఇక్కడ లేవు. ఇసుక దిబ్బలు, చేపల రేవులు, పాత కోటలు, పక్షులు గుంపులుగా గూళ్లు కట్టుకునే దీవులు ఉన్నాయి. మూడు నాలుగు రోజుల యాత్రకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే ఇక్కడ ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో చాలావరకు సముద్రపు పోటే నిర్ణయిస్తుంది. అందుకే గది, టికెట్ల కన్నా ముందు పోటు వేళల పట్టిక చూడాలి.

భౌగోళిక స్వరూపం

ఈ తీరానికి రూపమిచ్చింది విన్ సిల్ అనే రాతి పలక. సుమారు 29.5 కోట్ల ఏళ్ల కిందట కరిగిన శిలాద్రవం సున్నపురాయి, ఇసుకరాతి పొరల మధ్యకు చొచ్చుకొచ్చి, చల్లారి, నల్లని గట్టి డోలరైట్‌గా మారింది. చుట్టూ ఉన్న మెత్తని రాయి కోసుకుపోయినా ఇది నిలిచింది. బాంబరా, డన్‌స్టన్‌బరా, లిండిస్‌ఫార్న్ కోటలు మూడూ ఈ రాతి మీదే లేచాయి. ఫార్న్ దీవులు కూడా ఈ రాతి కొనసాగింపే. పోటు సమయంలో వీటిలో కొన్ని మునిగిపోతాయి కాబట్టి దీవుల లెక్క గంట గంటకూ మారుతుంది.

చరిత్ర

ఆంగ్లో-శాక్సన్ కాలంలో బాంబరా నార్తంబ్రియా రాజుల కేంద్రం. రాజు ఓస్వాల్డ్ పిలుపు మీద అయోనా దీవి నుంచి వచ్చిన ఏడన్ 635లో లిండిస్‌ఫార్న్ దీవిలో క్రైస్తవ మఠం నెలకొల్పాడు. తర్వాతి తరంలో అక్కడ బిషప్‌గా ఉన్న కత్‌బర్ట్ 687లో ఇన్నర్ ఫార్న్ దీవిలో ఏకాంతవాసంలో కన్నుమూశాడు. ఎనిమిదో శతాబ్దం తొలినాళ్లలో లిండిస్‌ఫార్న్‌లో తయారైన చిత్రాలంకృత సువార్త ప్రతి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 793లో వైకింగులు మఠాన్ని కొల్లగొట్టారు. బ్రిటన్‌లో వైకింగుల యుగానికి చరిత్రకారులు తరచుగా ఈ దాడినే ఆరంభంగా చెబుతారు.

డన్‌స్టన్‌బరా కోటను లాంకాస్టర్ ప్రభువు థామస్ 1313లో కట్టించడం మొదలుపెట్టాడు. రాజు రెండో ఎడ్వర్డ్‌పై తిరగబడి ఓడిన అతనికి 1322లో మరణశిక్ష పడింది. కోట నేడు శిథిలం. 1838 సెప్టెంబరు 7న ఫోర్ఫర్‌షైర్ అనే ఆవిరి ఓడ ఫార్న్ దీవుల రాళ్లకు తగిలి విరిగిపోయింది. లాంగ్‌స్టోన్ దీపస్తంభం కాపలాదారు కూతురు, 22 ఏళ్ల గ్రేస్ డార్లింగ్, తండ్రితో కలిసి తుపాను అలల్లో చిన్న పడవ నడిపి ప్రాణాలు కాపాడింది. నాలుగేళ్లకే క్షయతో చనిపోయింది. బాంబరాలో ఆమె పేరిట మ్యూజియం ఉంది.

లిండిస్‌ఫార్న్ కోటతో మన దేశానికీ ఒక బంధం ఉంది. 1903 నుంచి ఈ పాత సైనిక కోటను పత్రికాధిపతి ఎడ్వర్డ్ హడ్సన్ కోసం నివాసంగా తీర్చిదిద్దినది ఎడ్విన్ లట్యెన్స్. తర్వాతి కాలంలో రాష్ట్రపతి భవన్‌కూ, నిజాం కోసం ఢిల్లీలో కట్టిన హైదరాబాద్ హౌస్‌కూ రూపకల్పన చేసిన వాస్తుశిల్పి ఆయనే.

పోటు వేళలు

లిండిస్‌ఫార్న్‌నే హోలీ ఐలాండ్ అంటారు. రోజుకు రెండు సార్లు సముద్రం దాన్ని ప్రధాన భూభాగం నుంచి వేరు చేస్తుంది. 1954లో వేసిన కాజ్‌వే అనే రోడ్డు మీదుగా ఆటు సమయంలోనే కార్లు వెళ్లగలవు. పోటు వచ్చినప్పుడు ఆ దారి కొన్ని గంటల పాటు నీటిలో ఉంటుంది. ఒక పోటు నుంచి మరో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి దారి తెరుచుకునే వేళ ఏ రెండు రోజులూ ఒకటి కాదు. అమావాస్య, పౌర్ణమి రోజులకు దగ్గరలో పోటు మరింత ఎత్తుకు లేస్తుంది.

విశాఖ తీరంలో పోటుకూ ఆటుకూ మధ్య తేడా రెండు మీటర్లలోపే. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో అది నాలుగు మీటర్లు దాటుతుంది. చదునైన ఇసుక నేల మీద అంత నీరు పక్కల నుంచి, వెనక నుంచి కూడా చుట్టుముడుతుంది. పొడిగా కనిపించిన రోడ్డు కాసేపట్లో మునుగుతుంది. దారి మధ్యలో పొడవాటి కొయ్య కాళ్ల మీద, మెట్లతో, చిన్న ఆశ్రయపు గది కట్టి ఉంచారు. కారు వదిలేసి ప్రాణం దక్కించుకోవడానికే అది. ఏటా కొందరికి ఆ గతి పడుతుంది, వాళ్ల కోసం సీహౌసెస్ రేవు నుంచి లైఫ్‌బోటు అనే రక్షణ పడవ బయలుదేరాల్సి వస్తుంది. కౌంటీ కౌన్సిల్ సురక్షిత వేళలను ముందుగానే ప్రచురిస్తుంది. ఆ వేళలు దాటాక ఒక్క నిమిషం కూడా సాహసించరాదు.

ఇసుక మీదుగా నడిచే పాత యాత్రికుల బాట కూడా ఉంది. పొడవాటి కొయ్యలు పాతి దాన్ని గుర్తించారు. చాలామంది చెప్పులు విప్పి బురదలో నడుస్తారు. నడకకు సురక్షితమైన సమయం కార్ల సమయం కన్నా తక్కువ. స్థానికులను అడిగాకే బయలుదేరాలి.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ నుంచి జులై దాకా ఫార్న్ దీవుల్లో పఫిన్లు నేల బొరియల్లో గుడ్లు పెడతాయి. రంగురంగుల ముక్కులో చిన్న చేపలు అడ్డంగా పట్టుకొచ్చి పిల్లలకు పెట్టడం వేసవి మొదట్లో చూడవచ్చు. అంటార్కిటికా దాకా పోయి వచ్చే ఆర్కిటిక్ టెర్న్ పక్షులు ఇన్నర్ ఫార్న్ దీవిలో కాలిబాట పక్కనే గూళ్లు పెడతాయి. దగ్గరకొచ్చిన మనిషి తల మీదకు దూకి పొడుస్తాయి, కాబట్టి టోపీ తప్పనిసరి. శరదృతువు చివర బూడిద రంగు సీల్‌లు పిల్లలను కంటాయి. చలికాలంలో లిండిస్‌ఫార్న్ బురద నేలలకు స్వాల్‌బార్డ్ నుంచి బ్రెంట్ బాతులు వస్తాయి.

జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. డిసెంబరులో పగలు ఏడు గంటలే. నడి వేసవిలోనూ చలిగాలి, సముద్రం మీంచి హఠాత్తుగా కమ్ముకునే పొగమంచు మామూలే. వాన కోటు, తడవని బూట్లు ఏ నెలలోనైనా కావాలి.

చేరుకోవడం

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఆలన్‌మౌత్ లేదా బెరిక్ స్టేషన్లకు నేరు రైళ్లున్నాయి; నాలుగు గంటలలోపు ప్రయాణం. న్యూకాజిల్ నుంచి ఆలన్‌మౌత్‌కు అరగంట. న్యూకాజిల్, బెరిక్‌ల మధ్య నడిచే ఎక్స్18 బస్సు క్రాస్టర్, సీహౌసెస్, బాంబరాలను కలుపుతుంది. భారత డ్రైవింగ్ లైసెన్సుతో సందర్శకులు పన్నెండు నెలల దాకా కారు నడపవచ్చు. బండ్లు మన దేశంలాగే ఎడమ వైపున నడుస్తాయి. భారత పౌరులకు సందర్శక వీసా అవసరం.

మూడు రోజుల క్రమం

ముందుగా హోలీ ఐలాండ్‌కు దారి పగటిపూట ఎక్కువసేపు తెరిచి ఉండే రోజును ఎంచుకోవాలి. మిగిలిన రెండు రోజులను దాని చుట్టూ సర్దుకోవాలి.

ఒక రోజు క్రాస్టర్‌కు. అక్కడి నుంచి డన్‌స్టన్‌బరా కోట దాకా సముద్రం పక్కన గడ్డి నేల మీద సుమారు రెండు కిలోమీటర్ల నడక. ఓపిక ఉంటే ఎంబుల్టన్ తీరం మీదుగా లో న్యూటన్ దాకా పోవచ్చు. క్రాస్టర్‌లో చేపలకు పొగ పట్టించే 1856 నాటి శాల ఇప్పటికీ పనిచేస్తోంది. హెర్రింగ్ చేపను వీపు వైపు చీల్చి, ఉప్పునీళ్లలో నానబెట్టి, మేకులకు వేలాడదీసి, ఓక్ రంపపు పొట్టు మంట లేకుండా రాజుకునే పొగలో గంటల తరబడి ఉంచుతారు. గోడలు తరాల మసితో నల్లగా మెరుస్తుంటాయి. ఇలా తయారైన కిప్పర్ చేపను రొట్టెతో, వెన్నతో తింటారు.

మరో రోజు సీహౌసెస్ రేవు నుంచి పడవలో ఫార్న్ దీవులకు. గాలి ఎక్కువైతే పడవలు ఆగిపోతాయి, కాబట్టి ఈ రోజును యాత్ర మొదట్లో పెట్టుకుంటే మరో రోజుకు మార్చుకునే వీలుంటుంది. దీవుల్లో దిగడం ఏటేటా మారే నిబంధనలపై ఆధారపడుతుంది. 2022లో బర్డ్ ఫ్లూ కారణంగా మూసి, 2024లో ఇన్నర్ ఫార్న్‌ను తిరిగి తెరిచారు. తిరిగొచ్చాక ఇసుక మీదుగా బాంబరాకు ఐదు కిలోమీటర్లు నడవవచ్చు.

హోలీ ఐలాండ్‌లో ఒక రాత్రి ఉండగలిగితే అదే అన్నిటికన్నా మంచి ఏర్పాటు. దారి మునిగాక పగటి సందర్శకులు ఉండరు, రెండు వందలలోపు జనాభా ఉన్న ఊరు అక్కడ ఉండిపోయినవారిదే అవుతుంది. గదులు తక్కువ కాబట్టి ముందే మాట్లాడుకోవాలి.

సందర్శకుల బాధ్యత

ఈ తీరం నిశ్శబ్దంగా మిగిలింది దానంతట అది కాదు. ఫార్న్ దీవులను 1925 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ కాపాడుతోంది. గూళ్ల కాలంలో ఆ సంస్థ కాపలాదారులు తీరంలోని లాంగ్ నానీ వాగు దగ్గర టెర్న్‌ల గుడ్ల కోసం రాత్రింబవళ్లు కాపు కాస్తారు. కంచె కట్టిన చోటికి వెళ్లకపోవడం, కుక్కను పట్టీతో ఉంచడం, సీల్ పిల్ల దగ్గరకు పోకపోవడం సందర్శకుల వంతు. అలికిడికి తల్లి సీల్ బెదిరి నీళ్లలోకి దిగితే పిల్ల ఆకలితో మిగిలిపోతుంది. ఇక్కడ ఏ యాత్రకైనా మొదటి నియమం ఒకటే: సముద్రం, పక్షులు, సీల్‌లు పెట్టిన వేళలకు మనిషి తన వేళలు సర్దుకోవాలి.