సరిగమలకు బడి పెట్టిన సాయిబు

బళ్లో సంగీతం ఒక సబ్జెక్టు ఎట్లా అయింది? ఎవర్నడిగినా పలుస్కర్, భాత్‌ఖండే అంటారు. వాళ్ల కృషిని కాదనం. పలుస్కర్ లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం పెట్టింది 1901లో. భాత్‌ఖండే పూనికతో లక్నో సంగీత కళాశాల మొదలైంది 1926లో. మరి 1886లోనే బరోడాలో, సయాజీరావు గైక్వాడ్ అండతో సంగీత పాఠశాల నడిపిన మౌలాబక్ష్ ఏమైనట్టు?

మౌలాబక్ష్ (1833-1896) హిందుస్తానీ గాయకుడు. మైసూరు దాకా పోయి కర్ణాటక సంగీతమూ నేర్చుకొచ్చాడు. రాగాన్ని కాగితం మీద పెట్టడానికి సొంతంగా స్వరలిపి తయారుచేశాడు. పాఠ్యపుస్తకాలు అచ్చువేయించాడు. కొడుక్కో, శిష్యరికం చేసిన ఒకరిద్దరికో దక్కే విద్య అట్లా తరగతి గదిలోకొచ్చింది.

మనకు చెప్పే కథ వేరు. ఉస్తాదులు చదువురానివాళ్లు, విద్యను దాచుకున్నారు, సంస్కర్తలొచ్చి బయటికి తీశారు! దాచుకున్నవాళ్లు లేకపోలేదు. అది వాళ్ల కూడు (జీతమొచ్చే ఉద్యోగం ఉన్నవాళ్లకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?). కానీ పుస్తకం అచ్చేసి పిల్లల చేతిలో పెట్టిన సాయిబు ఆ కథలో ఇమడడు.

ఆయన కూతురి కొడుకు ఇనాయత్ ఖాన్. తాత దగ్గర నేర్చిన ఆ సంగీతంతోనే 1910లో అమెరికా ఓడెక్కాడు. బరోడా బడి ఇవాళ అక్కడి విశ్వవిద్యాలయంలో ఒక విభాగం.