చూసి వేసిన చదువు

పలక మీద పంతులుగారు రాసిన ‘అ’ మీద పదిసార్లు దిద్దితేగాని మన బళ్ళలో సొంతంగా రాయనిచ్చేవారు కాదు. అదే పని పరీక్ష హాల్లో చేస్తే చూచిరాత అని బయటికి పంపేవారు. మరి ఒక మహా చిత్రకారుడి బొమ్మను చూసి వేయడం చదువా, దొంగతనమా? తైలవర్ణ చిత్రాల చరిత్ర చదివాక, అది చదువేనని నాకు నమ్మకం కుదిరింది.

1628లో రూబెన్స్ రాయబారిగా మాడ్రిడ్ వచ్చాడు. వయసు 51. యూరప్ అంతటా పేరున్నవాడు. అయినా స్పెయిన్ రాజుగారి సేకరణలో ఉన్న టిషియన్ చిత్రాలకు విద్యార్థిలా నకళ్ళు వేశాడు. అప్పుడు ఆస్థానంలో ఉన్న యువ చిత్రకారుడు వెలాస్కెజ్‌కు ఆయన పరిచయం దొరికింది. మరుసటి ఏడాదే వెలాస్కెజ్ ఇటలీ ప్రయాణమయ్యాడు.

1879లో జాన్ సింగర్ సార్జెంట్ అదే మాడ్రిడ్‌లో, ప్రాడో మ్యూజియంలో, వెలాస్కెజ్ చిత్రాలకు నకళ్ళు వేశాడు. 1656 నాటి ‘లాస్ మెనినాస్’ వాటిలో ఒకటి. సార్జెంట్ అమెరికన్ దంపతులకు ఇటలీలో పుట్టి, ఊరూరూ తిరుగుతూ పెరిగినవాడు. మన పిల్లల్లాగే పరదేశపు బిడ్డ. 1882లో పారిస్‌లో ఉంటున్న ఒక అమెరికన్ కుటుంబంలోని నలుగురు అక్కచెల్లెళ్ళను చిత్రించాడు. వెనక చీకటి గది, ముందు వెలుగు, దూరదూరంగా నిలబడిన పిల్లలు. ఆ అమరికలో వెలాస్కెజ్ కనిపిస్తాడు. ఆ పిల్లల మధ్య ఉన్న ఎడం మాత్రం సార్జెంట్ సొంతం. బోస్టన్ మ్యూజియంలో ఉండే ఆ చిత్రాన్ని 2010లో ప్రాడోకు తీసుకెళ్ళి ‘లాస్ మెనినాస్’ సరసన ప్రదర్శించారు.

అసలు చూసి వేస్తే ఏం వస్తుంది? తైలవర్ణం నీటిరంగులా ఆవిరై ఆరదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. కింది పూతలో నూనె తక్కువ, పై పూతల్లో ఎక్కువ ఉండాలి. లేకపోతే పగుళ్ళు వస్తాయి. పూర్తయిన బొమ్మలో ఈ వరుస కనబడదు. బుగ్గ మీద నీడ ముందా, వెలుగు ముందా అన్న ప్రశ్న కుంచె పట్టినవాడికే ఎదురవుతుంది. మా వృత్తిలోనూ అంతే. ఇంకొకరి ప్రోగ్రాం చదివితే ఏం రాశారో తెలుస్తుంది. మన చేత్తో తిరిగి రాస్తేనే ఎందుకలా రాశారో తెలుస్తుంది.

మన రవివర్మకు ఆ చదువు అంత సులువుగా దొరకలేదు. 1868లో థియోడర్ జెన్సన్ అనే చిత్రకారుడు తిరువాన్కూరు ఆస్థానానికి వచ్చాడు. నేర్పడానికి ఒప్పుకోలేదు. తను వేస్తుంటే చూడనిచ్చాడు, అంతే. రవివర్మ చూశాడు, ఇంటికెళ్ళి వేశాడు. 1873లో మద్రాసు ప్రదర్శనలో బంగారు పతకం అందుకున్నాడు. 1894లో బొంబాయిలో ఆయన పెట్టిన ప్రెస్సు నుంచే లక్ష్మి, సరస్వతి పటాలు ఇంటింటి గోడలకూ చేరాయి.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 1793లో తెరిచిన నాటి నుంచీ నకలు వేసేవారికి చోటిస్తోంది. ఇప్పటి షరతుల్లో ఒకటి, నకలు అసలు చిత్రం కొలతల్లో ఉండకూడదని. చదువుకూ మోసానికీ మధ్య ఆ మాత్రం గీత చాలు.

మన పిల్లలు ఏదైనా బొమ్మను చూసి వేస్తుంటే “సొంతంగా వెయ్యి” అని తొందరపెట్టకండి. ఏ గీత ముందు పడి ఉంటుందో వాళ్ళనే అడగండి. జవాబు వెతకడంలోనే సొంత చూపు మొదలవుతుంది.