‘వద్దు’ అనగలిగిన వాళ్ళు

ఈ కాలం పిల్లల్ని ‘ఏం చేస్తున్నావమ్మా?’ అని అడిగి చూడండి. ‘ఇండిపెండెంట్ ఆర్టిస్టుని ఆంటీ!’ అంటారు. పొద్దున్న పాటకి వరస కడతారు, సాయంత్రం నాటకం రిహార్సలు, ఆదివారం ఓ చిన్న సినిమా షూటింగు. కన్నవాళ్ళు మాత్రం ‘ఒక్క పనీ స్థిరంగా చెయ్యరు, రేపు వీళ్ళకి పిల్లనెవరిస్తారు?’ అని తలపట్టుకుంటారు. పాపం, ఇదేదో ఈ తరం తెచ్చిపెట్టిన విడ్డూరం అనుకుంటారు కాబోలు!

ఇందులో కొత్తేమీ లేదు. మన పద్యనాటకాల రోజుల్లో పాడలేనివాడికి వేషమే లేదు. మైకులు లేని ఆ పందిళ్ళలో చివరి వరసవాడికి కూడా రాగం వినపడాలి. ‘వన్స్ మోర్’ అంటే మళ్ళీ పాడాలి. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమా నోరు విప్పినప్పుడు ఆ నాటకాల వాళ్ళే తెరమీదికి నడిచొచ్చారు. ప్లేబాక్ అన్నది ఇంకా రాలేదాయె, ఎవరి పాట వాళ్ళే పాడుకోవాలి. కాబట్టి నాటకం, సంగీతం, సినిమా మూడూ తెలిసినవాళ్ళు ఆ తరంలో కోకొల్లలు.

అయితే మూడు విద్యలు వచ్చినంత మాత్రాన స్వతంత్రులైపోయారా? అబ్బే! నాటకాల కాంట్రాక్టరు పిలిస్తే వెళ్ళాలి, సినిమా కంపెనీ రమ్మంటే రావాలి. నా దృష్టిలో స్వతంత్రం అంటే మరేమీ కాదు, నచ్చనిదాన్ని ‘వద్దు’ అనగలగడం. ఆ ఒక్క మాట అనాలంటే వెనకాల ఏదో ఒక దన్ను ఉండాలి. ఎవరికి ఏ దన్ను ఉందో చూస్తే, వాళ్ళ జీవితాలు ఎందుకలా నడిచాయో తెలిసిపోతుంది.

ముందు బళ్ళారి రాఘవగారిని చూడండి. ఆయన పేరున్న లాయరు. పగలు నల్లకోటు, రాత్రి రంగుపూత. ఇల్లు గడవడానికి కోర్టు ఉంది గనక, రంగస్థలం మీద తనకు తోచిన పని తాను చేశారు. పద్యాన్ని గంటల తరబడి సాగదీసి చప్పట్లు కొట్టించుకునే రోజుల్లో, రాగం తగ్గించి భావం పలికించాలన్నారు. ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటి వారిని ప్రోత్సహించారు. సంసారి స్త్రీ స్టేజీ ఎక్కితే లోకం ఏమనేదో మీకు చెప్పక్కర్లేదు కదా! టికెట్ల డబ్బు మీదే పొయ్యి వెలిగించుకునే మనిషి అంత సాహసం చెయ్యగలిగేవాడా? గూడవల్లి రామబ్రహ్మంగారు 1939లో తీసిన ‘రైతుబిడ్డ’లో కూడా రాఘవగారు నటించారు. జమీందార్ల మీద తీసిన ఆ సినిమాకి కొన్నిచోట్ల నిషేధం తప్పలేదు. లాయరుగారు జంకలేదు.

చిత్తూరు నాగయ్యగారిది మరో దారి. రేపల్లెలో పుట్టి, చిత్తూరు నాటకాల్లో పేరు తెచ్చుకుని, ఆ ఊరి పేరునే ఇంటిపేరులా మిగుల్చుకున్న మనిషి. 1938లో ‘గృహలక్ష్మి’తో సినిమాకి వచ్చారు. ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ చిత్రాలలో నటించడమే కాదు, వాటికి సంగీతమూ కూర్చారు. 1943లో వచ్చిన ‘భక్త పోతన’ తర్వాత జనం ఆయన్ని సినిమా నటుడిలా కాక, ఓ మహాత్ముడిలా చూశారు. తన సొంత సంస్థ పెట్టి 1946లో తీసిన ‘త్యాగయ్య’లో నటుడూ ఆయనే, గాయకుడూ ఆయనే, సంగీతమూ దర్శకత్వమూ ఆయనవే, నిర్మాతా ఆయనే! ఇంతకు మించిన ఇండిపెండెంట్ ఆర్టిస్టు ఎవరుంటారు?

మరి దన్ను? డబ్బు వచ్చింది. వచ్చిన దారినే పోయింది. ఆయన ఇంట్లో ఎప్పుడూ పంక్తి భోజనాలే. అడిగినవాడికి లేదనడం ఆయనకి రాదు. తర్వాత 1953లో ‘నా ఇల్లు’, 1964లో ‘రామదాసు’ సొంతంగా తీశారు. వాటితో ఆర్థికంగా కోలుకోలేదు. 1965లో పద్మశ్రీ వచ్చింది గానీ, పద్మశ్రీతో బియ్యం రావు కదా! ఒకప్పుడు తన పేరుమీద సినిమాలు ఆడించిన మనిషి చివరికి ఏ చిన్న వేషమిస్తే అది వేసుకుంటూ 1973లో కన్నుమూశారు. మద్రాసు పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది. ఇతరులకి ‘లేదు’ అనలేనివాడు కొన్నాళ్ళకి చిన్న వేషాలకి ‘వద్దు’ అనే హక్కు కూడా పోగొట్టుకుంటాడు. ఇది రాస్తుంటే నాకు మనసు కలుక్కుమంటోంది. ఆ దాతృత్వాన్ని తప్పని ఎలా అంటాం చెప్పండి?

1945లో ‘స్వర్గసీమ’లో అదే నాగయ్యగారి సరసన నటించి, పావురం పాటతో ఊరూవాడా ఊపేసిన భానుమతిగారు మాత్రం లెక్క తెలిసిన మనిషి. తండ్రి దగ్గర సంగీతం నేర్చుకుని, కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం ఆధారంగా 1939లో వచ్చిన ‘వరవిక్రయం’తో తెరకెక్కారు. 1943లో రామకృష్ణారావుగారిని పెళ్ళాడారు. భార్యాభర్తలిద్దరూ కలిసి భరణి పిక్చర్స్ పెట్టారు, ఆ తర్వాత స్టూడియో కట్టారు. ప్లేబాక్ వచ్చి నటుడి గొంతునీ ఒంటినీ విడదీసినా, ఈవిడ తన పాటని ఇంకొకరి గొంతుకి అప్పగించలేదు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ మూడు భాషల్లో తానే డైరెక్టు చేశారు. మధ్యలో తీరిక చేసుకుని ‘అత్తగారి కథలు’ రాసి మనందరినీ నవ్వించారు.

‘మిస్సమ్మ’ ముచ్చట మీకు తెలిసిందే. కొంత షూటింగు అయ్యాక, వరలక్ష్మీవ్రతం నాడు ఆలస్యంగా వచ్చినందుకు చక్రపాణిగారు క్షమాపణ రాసిమ్మన్నారనీ, ఈవిడ ససేమిరా అన్నారనీ చెప్పుకుంటారు. ఆ వేషం సావిత్రిగారికి వెళ్ళింది, 1955లో సినిమా విడుదలై చరిత్రకెక్కింది. నష్టమేగా అంటారా? నష్టమే. కానీ ఆ నష్టాన్ని భరించగల ఇల్లు ఆవిడకి ఉంది. మనం పోపులపెట్టెలో నాలుగు రూపాయలు ఎందుకు దాచుకుంటాం? ఏదో ఒకనాడు ఎవరి ముందూ చెయ్యి చాచకూడదనే కదా! భానుమతిగారి పోపులపెట్టె స్టూడియో అంత ఉంది, అంతే తేడా.

ఇక నాలుగో మనిషి టంగుటూరి సూర్యకుమారిగారు. ప్రకాశం పంతులుగారి అన్నదమ్ముల బిడ్డ. చిన్నతనంలోనే సినిమాల్లోకి వచ్చి, ‘రైతుబిడ్డ’లో రాఘవగారితో నటించారు. శంకరంబాడి సుందరాచారిగారు రాసిన తెలుగుతల్లి పాట ఆవిడ గొంతులోనే ఊరూరా తిరిగింది. తమిళం, హిందీ సినిమాలూ చేశారు. 1955లో దిలీప్ కుమార్ ‘ఉడన్ ఖటోలా’లో ఉన్నారు. అక్కడే ఆగితే బాగానే ఉండేది. ఆగలేదు. 1961లో న్యూయార్కులో టాగూరు ‘రాజా’ నాటకాన్ని ఇంగ్లీషులో వేస్తే, అందులో రాణి సుదర్శన పాత్ర వేసి అక్కడి విమర్శకుల బహుమతి అందుకున్నారు. తర్వాత లండన్లో స్థిరపడి, మన సంగీత నాట్యాల కోసం ఒక సంస్థనే నడిపారు.

ఆవిడకి స్టూడియో లేదు, లాయరు ప్రాక్టీసు లేదు. ఆవిడ దన్ను దూరం. ఇక్కడ తనకి గీసిన గీత చిన్నదనిపిస్తే, ఇంకో దేశంలో ఇంకో గీత గీసుకున్నారు. దానికీ ఖరీదుంది. ఆ పాట తెలిసిన ఎంతమందికి ఆ గొంతు పేరు తెలుసు?

ఈ ఇద్దరు స్త్రీలదీ ఇంచుమించు ఒకే ఈడు. 1943లో వచ్చిన ‘కృష్ణప్రేమ’లో ఇద్దరూ నటించారు, ఒకరు చంద్రావళి, ఇంకొకరు నారదుడు! అక్కడినుంచి ఒకరు మద్రాసులో గోడలు కట్టుకున్నారు, ఇంకొకరు సముద్రం దాటారు. 2005లో, ఏప్రిల్లో సూర్యకుమారిగారు లండన్లోనూ, డిసెంబరులో భానుమతిగారు చెన్నైలోనూ వెళ్ళిపోయారు.

కాబట్టి మీ అమ్మాయి ‘ఇండిపెండెంట్ ఆర్టిస్టుని’ అంటే కంగారు పడకండి. ‘ఎన్ని విద్యలొచ్చే నీకు?’ అని పరీక్షలు పెట్టకండి. ‘ఎవరైనా నీకిష్టం లేనిది చెయ్యమంటే వద్దనడానికి నీ దగ్గర ఏముందే తల్లీ?’ అని మాత్రం అడగండి. ఆ దన్ను ఉద్యోగం కావచ్చు, సొంత గూడు కావచ్చు, చీటీపాట డబ్బు కావచ్చు. ఏమీ లేదంటే, కొన్నాళ్ళపాటు ఆ దన్ను మీరే అవ్వండి.