కవరు మీద చెన్నై ముద్ర, లోపల కువైట్ కబుర్లు

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముక్క ఇక్కడ రాస్తున్నా.

నేను 2003లో కువైట్ దిగినప్పుడు ఫోన్ కార్డు ఖరీదే. రూములో ఎవరైనా ఊరికి పోతున్నారంటే తలా ఒక ఉత్తరం వాళ్ల చేతిలో పెట్టేవాళ్లం. ఆ మనిషి చెన్నైలో దిగి, మన స్టాంపు అంటించి, అక్కడే డబ్బాలో వేసేవాడు. రాజంపేటలో మా అమ్మ ముద్ర చూసేది కాదు, నా చేతిరాత చూసేది.

ఈమెయిల్ ఫార్వర్డింగ్ తంటా అంతా ఇక్కడే ఉంది. ముద్ర చూడాలా, చేతిరాత చూడాలా?

1982లో జాన్ పోస్టెల్ ఎస్‌ఎంటీపీ అనే మెయిల్ పద్ధతి రాసినప్పుడు, పంపేవాడి పేరు తనిఖీ చేసే ఏర్పాటు అందులో లేదు. ఎవరి పేరు పెట్టినా వెళ్లిపోయేది. దొంగ మెయిళ్లు పెరిగాక తనిఖీలు వచ్చాయి.

ఒకటి ఎస్‌పీఎఫ్, 2006లో పత్రంగా వెలువడింది. 'మా మెయిళ్లు ఫలానా సర్వర్ల నుంచే వస్తాయి' అని కంపెనీ లిస్టు పెడుతుంది. మన సైటు గేటు దగ్గర సెక్యూరిటీ బండి నెంబరు చూస్తాడే, అట్లా. మధ్యలో ఇంకో అడ్రస్ ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ చేస్తే బండి మారిపోతుంది. నిజమైన మెయిలే దొంగలా కనిపిస్తుంది.

2007లో వచ్చిన డీకిమ్ చేతిరాత చూసే రకం. మెయిల్ మీదే పంపినవాళ్ల డొమైన్ సంతకం ఉంటుంది, ఎన్ని చేతులు మారినా నిలుస్తుంది. కానీ మధ్యవాడు సబ్జెక్టులో ఒక్క మాట చేర్చినా సాధారణంగా చెడిపోతుంది. 2012లో డీమార్క్ వచ్చింది: ఈ రెంటిలో ఒకటైనా పాసై, పైన కనిపించే పంపినవాడి డొమైన్‌తో కలవాలి. 2014 ఏప్రిల్‌లో యాహూ 'కలవకపోతే తిప్పికొట్టండి' అని పెట్టేసరికి, యాహూ వాళ్లు గ్రూపులకు రాసిన మంచి మెయిళ్లు కూడా తిరుగుటపాలో వచ్చాయి. 2019లో ఆర్క్ అని ఇంకోటి. 'నా చేతికి వచ్చినప్పుడు సంతకం బాగానే ఉంది' అని మధ్యవాడు చెప్పే సాక్ష్యం అది. ఆ సాక్షిని నమ్మడం, మానడం అందుకునేవాళ్ల ఇష్టం.

నాకు దెబ్బ 2022లో తగిలింది. సీవీలో పాత అడ్రస్ ఉంది, దాన్నుంచి కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టుకున్నా. ఆ పాతది ప్రతి సబ్జెక్టు ముందూ ఒక హెచ్చరిక మాట చేర్చేది. బండీ మారింది, సంతకమూ చెడింది. అరవై దినార్లు ఎక్కువ జీతంతో వచ్చిన ఆఫర్ స్పామ్‌లో పడింది. మూడు రోజుల్లో సంతకం చేసి పంపాలి, నేను చూసింది తొమ్మిదో రోజు. ఆ కుర్చీలో ఇంకొకాయన కూర్చున్నాడు. అప్పట్నుంచి సీవీలో నేరు అడ్రసే, ప్రతి శుక్రవారం స్పామ్ చూస్తా.

ఏజెంట్ బటన్ నొక్కి పంపే ఫార్వర్డ్ వేరే సంగతి. అది కొత్త ఉత్తరం కింద లెక్క. తనిఖీ ఏజెంట్ అడ్రస్‌కే, లోపల కంపెనీ రాసిందన్న మాటలకు కాదు. వాటిని ఎట్లా కావాలంటే అట్లా మార్చొచ్చు. అందుకే ఆఫర్ కంపెనీ నుంచి నేరుగా మీ అడ్రస్‌కి పంపమనండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' చూస్తే, ఈ మూడు తనిఖీలూ పాసయ్యాయో లేదో ఉంటుంది.

మొన్న మా క్యాంపులో ఒక తమ్ముడు, ఊర్లో ఉన్న వాళ్ల చిన్నోడికి వచ్చిన ఆఫర్ తెరిచి చూపించాడు. మూడూ పాస్. అడ్రస్ చదివితే కంపెనీ పేరులో ఒక అక్షరం ఎక్కువుంది. దొంగ కూడా డొమైన్ కొని తన సంతకం తను పెట్టుకోవచ్చు కదా. వీసా డబ్బు కట్టొద్దని ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేయించా.