దుక్కి - నేలలోని సూక్ష్మజీవులు

దుక్కి అనగా పంట వేయుటకు ముందు నాగలితో గాని, ట్రాక్టరుతో గాని నేలను తిరగవేసి గుల్లపరచడం. దీనివలన మట్టిలోని గాలి, తేమ, ఉష్ణోగ్రత మారతాయి. వాటితోపాటు అక్కడ నివసించే బాక్టీరియా, శిలీంధ్రాలు, ఆర్కియా మొదలైన సూక్ష్మజీవుల పాళ్ళు కూడా మారతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వరి తరువాత అపరాలు పండించే పల్లపు భూములు దీనికి మంచి ఉదాహరణ. ఇక్కడ ఒకే మడిని ఏడాదిలో ఒక పంటకు బురదగా కలియదున్నుతారు, మరొక పంటకు అసలు దున్నరు.

ఖరీఫ్‌లో దమ్ము

వరి నాట్లకు ముందు మడిలో నీరు నిలిపి దున్నడాన్ని దమ్ము చేయడం అంటారు. దీనితో మట్టి గుళికలు చితికి బురదగా మారతాయి. అడుగున గట్టి పొర ఏర్పడి నీరు ఇంకిపోకుండా ఆపుతుంది. బురదలో మిగిలిన ప్రాణవాయువును సూక్ష్మజీవులు త్వరలోనే వాడివేస్తాయి. అటుపై ప్రాణవాయువు లేకుండా జీవించగలిగినవి వృద్ధి చెందుతాయి. వీటిలో కొన్ని బాక్టీరియాలు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. అందువలన ఎరువులోని నత్రజని కొంత వృథా అవుతుంది. ఆర్కియాలో ఒక వర్గము మిథేన్ వాయువును తయారు చేస్తుంది.

రబీలో దున్నని సాగు

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము, పెసర విత్తనాలను చేనులోనే వెదజల్లుతారు. ఇవి నేలలో మిగిలిన తేమతోనే పెరుగుతాయి. దున్నడానికి ఆగితే ఆ తేమ ఆరిపోతుంది. నీరు తీసిన మడిలోకి గాలి చేరగా, ప్రాణవాయువు అవసరమైన జీవులు మరల పెరుగుతాయి. అపరాల వేళ్ళపై బుడిపెలలో ఉండే రైజోబియం జాతి బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. కదిలించని నేలలో శిలీంధ్రాల తంతువులు తెగవు. వరి మోళ్ళు నేలపైనే కుళ్ళి సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. మోళ్ళను తగులబెడితే ఈ ఆహారము పోతుంది.

మెట్ట భూములు

చోడి (రాగి) వేళ్ళతో మైకోరైజా అనే శిలీంధ్రాలు సహజీవనం చేస్తూ, భాస్వరమును మొక్కకు చేరవేస్తాయి. పలుమార్లు దున్నితే ఈ తంతువుల అల్లిక తెగిపోతుంది. అయితే వేసవి దుక్కివలన నేలలో దాగిన పురుగుల కోశస్థ దశలు, కొన్ని తెగుళ్ళ బీజాలు ఎండకు నశిస్తాయి.

మేలు కీడులు

దమ్ము మానితే వరిలో కలుపు పెరుగుతుంది, నీరు ఎక్కువ ఖర్చవుతుంది. దున్నని సాగులో కలుపు మందులపై ఆధారపడే అవకాశం ఉంది. కనుక ఏ నేలకైనా ఒకే పద్ధతి తగదు. పంటకు అవసరమైన మేరకే దున్ని, మోళ్ళను నేలలోనే ఉంచడం సూక్ష్మజీవులకు మేలు చేస్తుంది.