ఆడుబిడ్డ భాగము: ఒక బిల్లు చట్టమైన చరిత్ర

శాసనమనగా ప్రభుత్వమువారి యాజ్ఞయని మన యిండ్లలో పలువురు తలంచుచుందురు. నిజమునకు శాసనము మొదట బిల్లుగా పుట్టి, చర్చలో పెరిగి, సమ్మతి లభించిన పిదప చట్టమగును. ఈ నడుమ అందులో చేరిన యొక్క వాక్యము, ఒక్క తేది, ఒకే తల్లి కడుపున పుట్టిన యిద్దరు కూతుండ్రను వేరుచేయగలదు. ఆడుబిడ్డల యాస్తిహక్కునుగూర్చి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 1986వ సంవత్సరపు 13వ చట్టమే యిందుకు నిదర్శనము.

మన ప్రాంతమున ననుసరింపబడిన ధర్మము మితాక్షర. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన వ్యాఖ్యానమది. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. మితాక్షర ప్రకారము కొడుకు పుట్టుకతోడనే పిత్రార్జితమున భాగస్థుడు, కూతురు కాదు. 1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వచట్టము తండ్రివాటాలో కూతురికి పాలు పెట్టెనుగాని జన్మహక్కును కొడుకులకే విడిచెను.

లెక్క వేసి చూతము. పులివెందుల ప్రాంతమున 12 ఎకరముల పిత్రార్జితముగల యొక గృహస్థు, భార్య ముందే గతింపగా, వీలునామా వ్రాయక మరణించెననుకొందము. అతనికి ఒక కొడుకు, ఒక కూతురు. 1956 నాటి చట్టముచొప్పున తండ్రీకొడుకులకు చెరి 6 ఎకరములు. తండ్రివగు 6 ఎకరములు పిల్లలిద్దరికి సమము. కడకు కొడుకునకు 9, కూతురికి 3. కూతురికిని జన్మహక్కున్నయెడల మువ్వురకు తలకు 4 ఎకరములు. తండ్రిపాలు పంచగా అన్నకు 6, చెల్లెలికి 6.

ఈ సమత్వమునకై నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున సవరణ జరిగినది. వారసత్వము ఉమ్మడి జాబితాలోనిది. కేంద్రమునకును రాష్ట్రమునకును అందు శాసనాధికారము కలదు. శాసనసభలో ఏ బిల్లయినను మూడు పఠనములు దాటవలెను. మొదట ప్రవేశపెట్టుట. పిదప మూలసూత్రముపై చర్చ. కావలసినచో సెలెక్టు కమిటీ పరిశీలన. అటుపై ఒక్కొక్క ఖండమునే విచారించి సవరణలు చేయుట. తుదకు ఆమోదము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రజలెన్నుకొనిన ముగ్గురు సభ్యుల యెదుటికిని ప్రతి ఖండమును వచ్చును. 1958లో నేర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చిన శాసనమండలి సామాన్యమగు బిల్లును నాలుగు మాసములవరకు ఆపగలదుగాని చంపజాలదు.

సభ దాటిన బిల్లు సాధారణముగా గవర్నరు సమ్మతితో చట్టమగును. ఈ బిల్లు కేంద్రచట్టమును మార్చునది గనుక రాష్ట్రపతి సమ్మతి యవసరమయ్యెను. రాజ్యాంగమందలి 254వ అధికరణముచొప్పున ఆ సమ్మతి యున్ననే ఉమ్మడి జాబితాలో కేంద్రచట్టమునకు విరుద్ధమైన రాష్ట్రచట్టము ఆ రాష్ట్రమున చెల్లును. అట్లు 1986లో వెలువడిన చట్టము 1985 సెప్టెంబరు 5వ తేదినుండియే అమలులోనికి వచ్చినట్లు భావింపబడినది.

ఆ తేదిలోనే చిక్కున్నది. అంతకుముందే పెండ్లియైన కూతురికి ఈ హక్కు లేదని చట్టము పలికెను. సెప్టెంబరు 4న పెండ్లియైన అక్కకు లేని భాగము 6న పెండ్లియైన చెల్లెలికి దక్కినది! తమిళనాడు 1989లోను, మహారాష్ట్ర, కర్ణాటకములు 1994లోను మన దారినే నడచి, ఆ కట్టడినే నిలుపుకొన్నవి. అక్కలు ఇరువదియేండ్లు వేచియుండవలసివచ్చెను. 2005 సెప్టెంబరు 9న అమలులోనికి వచ్చిన కేంద్రసవరణ పెండ్లి భేదమును తొలగించెను. హక్కు పుట్టుకతో వచ్చునది గనుక ఆనాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీముకోర్టు తేల్చినది. అయినను 2004 డిసెంబరు 20కి ముందు సక్రమముగా జరిగిన పంపకములు కదలవు. ఆ దినముననే బిల్లు రాజ్యసభలో ప్రవేశపెట్టబడెను. అనగా చట్టము కాకమునుపే, బిల్లు పుట్టిననాడే, గీత గీయబడినదన్నమాట.

ఇంత జరిగినను, “పెండ్లికి ప్రొద్దుటూరిలో కొని పెట్టిన బంగారమే నీ భాగము” అని యాడుబిడ్డచేత హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించు నన్నదమ్ములు లేకపోలేదు. చట్టము ఆ మాట యనలేదు. తెలిసి ప్రేమతో వదలుకొనుట వేరు; తెలియక పోగొట్టుకొనుట వేరు. సంతకమునకు ముందు ఆమెకు లెక్క చెప్పుట తోబుట్టువుల ధర్మము.

గృహస్థులు, గృహిణులు చేయదగిన పని మరియొకటి కలదు. మన యిండ్లకు సంబంధించిన బిల్లు సభలో నున్నపుడే దానిని తెప్పించి చదువవలెను. ఏ తేది యెవరిని వెలివేయుచున్నదో చూడవలెను. ఖండములపై చర్చ ముగియకముందే మన ప్రతినిధికి తెలుపవలెను. బిల్లులో నొక్క మాట మార్చుటకు ఒక్క సవరణ చాలును. చట్టమైన పిదప ఆ మాటకే మన యక్కలకు ఇరువదియేండ్లు పట్టినవి.