రెండు కార్లు – ఒకే బేరం

అమెరికా కార్లలో ఫోర్డ్ మోడల్ టి, 1957 నాటి షెవర్లే బెల్ ఎయిర్ ఎంతో పేరు పొందినవి. అభిమానులు వాటి అందచందాలను పోల్చి చూస్తారు. వాటిని చేసిన చేతులను పోల్చి చూడడం మన పని.

మోడల్ టి 1908లో వచ్చింది. 1927 వరకు మౌలికంగా మారకుండానే కోటిన్నరకు పైగా తయారైంది. మొదట 850 డాలర్లున్న ధర 1920లలో 300కు దిగువకు వచ్చింది. ఈ చవకకు ముఖ్యమైన మూలం 1913లో హైలండ్ పార్క్ ఫ్యాక్టరీలో మొదలైన అసెంబ్లీ లైను. పన్నెండు గంటలకు పైగా పట్టే ఛాసిస్ కూర్పు కొద్ది నెలల్లో గంటన్నరకు దిగింది. పనివాడి నేర్పు యంత్రంలోకి పోయింది. పనివాడికి ఒక బోల్టు బిగించడం మిగిలింది. విసిగిన కార్మికులు గుంపులుగా పని మానేశారు. 1914లో ఫోర్డ్ ప్రకటించిన రోజుకు ఐదు డాలర్లు ఔదార్యం కాదు, వారిని లైను దగ్గర కట్టివేసే తాడు. ఆ సొమ్ముకు అర్హుడో కాడో తేల్చడానికి కంపెనీ మనుషులు కార్మికుడి ఇంటికి వెళ్ళి నడవడిని విచారించేవారు.

బెల్ ఎయిర్‌ది వేరే యుగం. తోక రెక్కలు, క్రోమియం తళుకులు, రెండేసి రంగులు! ఫోర్డ్ మారని కారును అమ్మాడు. జనరల్ మోటార్స్ మార్పునే అమ్మింది. ఏటేటా రూపం మార్చి, నిరుడు కొన్న కారు మీద కొన్నవాడికే వెగటు పుట్టించడం దాని వ్యాపార నీతి.

ఈ కారును చేసిన కార్మికుడు కూడా మారాడు. 1936 డిసెంబరు 30న ఫ్లింట్ పట్టణంలో మొదలైన బైఠాయింపు సమ్మె 44 రోజులు సాగింది. షెవర్లే ఇంజన్ల ఫ్యాక్టరీని సైతం కార్మికులు ఆక్రమించాక, జనరల్ మోటార్స్ యూనియన్‌ను గుర్తించక తప్పలేదు. 1945–46 సమ్మెలో వాల్టర్ రూథర్ నాయకత్వాన వారు మరో అడుగు వేశారు: కార్ల ధర పెంచకుండా కూలి పెంచాలి, కుదరదంటే లెక్కలు బయటపెట్టాలి! యాజమాన్యం దానికి ఒప్పుకోలేదు. 1950లో కుదిరిన ఐదేళ్ళ ఒప్పందం పింఛను, ధరలతో పాటు పెరిగే వేతనం ఇచ్చింది. ఏమి తయారుచేయాలి, ఎంతకు అమ్మాలి అనే ప్రశ్న మాత్రం బేరంలోంచి తొలగిపోయింది.

1914లో కూలి పెంపు పైనుంచి పడింది. 1950 నాటిది పోరాడి సాధించుకున్నది. ఈ తేడా చిన్నది కాదు. అయినా రెండు బేరాల్లోనూ కార్మికుడు వదులుకున్నది ఒకటే: తన శ్రమ దేనికి ఖర్చు కావాలో తానే నిర్ణయించే హక్కు. తోక రెక్కలు కావాలని అతన్ని ఎవరూ అడగలేదు, వాటిని బిగించమన్నారు.